పోస్టుకార్డు చెడుగుడు

పలకవు. సరే, పలకాకు. నేనేమన్నా అడుక్కుంటాండానా?

నిన్న మాపిటేళ జీపు దిగి ఇంట్లోకి వచ్చినప్పట్నుంచి చూస్తాండా. చెంబుతో నీళ్ళిచ్చినావు, మాట ఈయలేదు. సంగటి పెట్టినావు, మాట పెట్టలేదు. ఇప్పుడు పొద్దు పొడవకముందే ఇసురురాయి ముందర కూచున్యావు. గరగర, గరగర! అది జొన్నలు ఇసిరేదా, నన్ను ఇసిరేదా మాబున్నీ?

నీ కోపమేందో నాకు తెల్దా? నేను పులివెందులకు పోయొచ్చినా. నిన్ను ఇడిచిపెట్టి పోయొచ్చినా. అంతే గదా?

అది నేను పోయింది కాదు మే. కమిటీ పోయింది. జీపులో కమిటీ ఉండె, కమిటీలో నేనుంటి. నిన్ను యాడ కూచోబెట్టల్ల? ప్రిన్సిపాలు సారు పక్కనా?

అబ్బ, ఆ రాయి జర మెల్లగ తిప్పు. నా మాట నాకే ఇనపడ్డంల్యా.

మీ అక్క సైదున్నీసా కండ్లు మసకబడతాండాయని నాకూ తెలుసు. డాక్టరమ్మ చెప్పె గదా పోయినేడు, ఇంగ ఏండ్లు కాదు, నెలలే, చూడాల్సిన మొగాలు చూసుకోమ్మా అని. నీకు ఆయమ్మ ఒగతే అక్క, ఆయమ్మకు నువ్వు ఒగతే చెల్లెలు. ఏడాదికి ఒగసారి కాలేజీ లారీ ఎక్కి పులివెందులకు పోయి, ఆయమ్మకు మొగం చూపించి వస్తాంటివి. ఈ ఏడు ఆడికి లారీ ల్యా. నీ కడుపుమంట నాకు అర్థం కాదా? నేనేమన్నా రాయినా?

బస్సుకు పోదామంటివి. అంటివి గదా, ఉగాది అప్పుడు?

బస్సుకు పోతే నేను ఏమని పోవల్ల? చుట్టమని పోవల్ల. చుట్టమని పోతే మీ బావ అమీర్ బాషా గడప తొక్కల్ల. చుట్టమని ఆ గడప తొక్కనని నేను ఊరి ముందర ఒట్టు పెట్టుకున్యా. పీర్ల పండగ చెడుగుడులో అంపైరుగా నిలబడి, ఇంతమంది మనుషుల్లో, నా కూత తెగకముందే తెగిందని చెయ్యి పైకెత్తినాడు. సొంత సడ్డకుడు! నేను ఒగని కాలు తాకి, గీత మీదికి వచ్చి పడితే, "జియావుల్లా, సచ్చినావు, బయటికి పో" అన్యాడు. నవ్వుతా అన్యాడు మే. తప్పు చెప్పినా ఓర్చుకుందును, ఆ నవ్వు ఓర్చుకోలేకపోతి.

సరేలే, అది నీకు కొత్తనా? పండగొచ్చినప్పుడల్లా చెప్తానే ఉండా.

ఒంటిగా నిన్ను పంపిస్తే బాగుండదని నేనే వద్దంటి. మొగుడు ఉండి కూడా లేనట్టు మూట పట్టుకోని బస్సు దిగితే ఆ ఊరోళ్ళు ఏమనుకుంటారు?

లారీ అంటే వేరే. లారీలో నేను అమీర్ బాషా సడ్డకున్ని కాదు, ప్రొద్దటూరు కాలేజీ మార్కర్ను. సున్నం డబ్బా చంకన పెట్టుకోని గీతలు గీసేదానికి పోతాండా. డ్యూటీ! నువ్వు పిల్లోళ్ళకు సంగటి కెలికేదానికి వస్తాండావు. అదీ డ్యూటీనే. మాపటికి నువ్వు మీ అక్క ఇంటికి పోతాంటివి, నేను సత్రం అరుగు మీద పండుకుంటాంటి. ఒట్టుకు ఒట్టు నిల్చె, మీ అక్కచెల్లెండ్ల మాటలకు మాటలు తీరె. ఎంత బాగుండె!

అంతా ఆ చైనావోడు చేసినాడు.

ఏంది అట్ల చూస్తావు? నిజమే చెప్తాండా. చైనావోడు మంచుకొండల మీద పడకపోతే, హైదరాబాదు నుంచి పొదుపు పొదుపు అని తాకీదు వచ్చునా? తాకీదు రాకపోతే మన ప్రిన్సిపాలు సారు మూడు కాలేజీల వాళ్ళను పిలిపించి, ఆటల ప్రయాణ ఖర్చు తగ్గింపు కమిటీ అని పెట్టునా? యాడ చైనా, యాడ చెడుగుడు! మన పిల్లోళ్ళు చెనిక్కాయ మూటల లారీ మీద ఎక్కి పులివెందులకు పోతే, దేశానికి తుపాకులు తక్కువైతాయంట.

కమిటీలో కింది ఉద్యోగస్తుడు ఒగడు ఉండల్లని రూలు. వాడు సంతకం చేసేటోడై ఉండల్లని ఇంగో రూలు. మన కాలేజీలో అటెండర్లు, తోటమాలి, నీళ్ళు పోసే ఆమె, అందరూ వేలిముద్రలే. పేరు రాసేటోన్ని నేనొగన్నే. ప్రేమానందం సారు రేత్రి బడి పెట్టి, లాంతరు ముందర కూచోబెట్టి, దూదేకి దూదేకి బిరుసెక్కిన నా వేళ్ళతో అక్షరాలు దిద్దించినాడు గదా, దాని ఫలం ఇది. డ్రిల్లు మాస్టరైనా ఆయప్ప ఓపికే ఓపిక. ఆ రోజు నేను పేరు రాస్తే నువ్వు నవ్వితివి. "ఈ వయసులో ఎవురికి రాస్తావు జాబులు" అంటివి. చూడు, కమిటీలో రాసినా.

ఆఁ, నాకు కుశాలైంది. కాలేదని ఎందుకు చెప్పల్ల? కుర్చీ ఏసినారు మే నాకు. చేతులున్న కుర్చీ.

మొదటి మీటింగు జమ్మలమడుగులో. దానికి జీపు. ప్రయాణాలు తగ్గించేదానికి ప్రయాణం అన్నమాట. ఆడ, మన కాలేజీలో ఎకనామిక్సు చెప్పే శుభాకర్ సారు లేసి నిలబడె. గుంటూరు దిక్కు మనిషి, మాట మెత్తగా ఉంటాది, మన మాట ఇంటే మొగం చిట్లిస్తాడు. గోడకు మ్యాపు తగిలించి, బెత్తంతో ముద్దనూరు మీద పొడిచినాడు.

"చూడండి. ప్రొద్దటూరు వాళ్ళు పులివెందుల వెళ్తున్నారు, పులివెందుల వాళ్ళు జమ్మలమడుగు వస్తున్నారు, జమ్మలమడుగు వాళ్ళు ప్రొద్దటూరు వెళ్తున్నారు. ఎంత వృథా! అందరూ మధ్యలో ఉన్న ముద్దనూరులో కలిస్తే సరిపోతుంది కదండీ."

అందరూ చప్పట్లు కొట్టినారు. నేనూ కొట్టినా. కొట్టినాక ఆలోచన వచ్చింది. ఇంతకముందు ఒగ జట్టు పోతే ఇంగో జట్టు ఇంటికాడ ఉండేది. ఇప్పుడు మూడు జట్లూ పోవల్ల గదా? అదే అడిగితి.

శుభాకర్ సారు నవ్వి, "అది సగటు తెలియనివాళ్ళకు అలాగే అనిపిస్తుందండీ జియావుల్లా గారూ" అన్యాడు.

గారు అన్యాడు గదా, ఇంగేమంటా? కూచుంటి.

ఆ దినమే పోయి ఆ దినమే వచ్చేదానికి వంటమనిషి దండగని ఆ పొద్దే నీ పేరు కొట్టేసినారు. నేను నీకు చెప్పలేదు. లారీలో జాగా లేదంటి. జాగా ఉండె.

ముద్దనూరులో ఏమైందో నీకు సగమే చెప్పినా. పూర్తిగా చెప్తే నవ్వుతావు, నవ్వుతే నీ కోపం పోతాదేమో, ఇను.

మన దిక్కు ఆటకు వచ్చినోళ్ళకు ఊరోళ్ళు అన్నం పెట్టల్ల. ఓడగొట్టినా పెట్టల్ల, ఓడిపోయినా పెట్టల్ల. అవునా కాదా? మరి ముద్దనూరు ఎవురి ఊరు? జమ్మలమడుగోళ్ళేమో మా తాలూకా, కాబట్టి పెట్టేది మేమే అన్యారు. మన ప్రిన్సిపాలు సారేమో కమిటీ పెట్టింది మేము, పిలిచింది మేము, పెట్టేది మేమే అని రెండు గంపలు దించినాడు. అంతలో పులివెందుల లారీ వచ్చి నిలబడె. దాంట్లో పిల్లోళ్ళ కంటే ముందు పొట్టేలు దిగె! "మీరు పెట్టేది ఏంది, మా చేతి కూడు తినకుండా ఎట్లా పోతారో చూస్తాం" అన్యారు వాళ్ళు. ఆ మాటకు మనోళ్ళు పంచెలు పైకి చెక్కినారు. ఇంగ కొట్లాటే అనుకుంటి. కొట్లాటే. వడ్డించేదాంట్లో.

మూడు జట్లకూ మూడు పంక్తులు. తినకుంటే మర్యాద పోయె. ఒగని ఆకులో తిని ఇంగొకని ఆకులో వద్దంటే ఇంకా మర్యాద పోయె. పిల్లోళ్ళు పాపం మూడుసార్లు కూచుండి, మూడుసార్లు లేసినారు. జమ్మలమడుగు సారు ఒగాయన మనోని నెత్తి పట్టుకోని ముద్ద పెట్టె, "తిను నాయనా, నీ కాళ్ళు మొక్కుతా" అని.

అంత సంగటి కడుపులో పెట్టుకోని చెడుగుడు ఎవడు ఆడతాడు మే? మనోడు కూతకు పోయినాడు. "చెడు" అన్యాడు. "గుడు" రాలేదు. గీత కాడ కడుపు పట్టుకోని కూచున్యాడు. వాన్ని పట్టల్సినోళ్ళు వాని పక్కనే పండుకున్యారు. అంపైరు ఈల ఊదేదానికి బుగ్గలు లేస్తే గదా! నేను గీసిన గీతలు గీసినట్టే ఉండిపోయె. మాపటికి మూడు జట్లూ సమానం అని రాసుకోని లారీలు ఎక్కినాం.

నవ్వలేదు. సరే.

రెండో మీటింగు మన కాలేజీలోనే జరిగె. ముద్దనూరు తిండి ఖర్చు చూసి మన ప్రిన్సిపాలు సారు మొగం ఆముదం తాగినట్టు అయిపోయింది. అప్పుడు శుభాకర్ సారు మళ్ళా లేసె. ఈసారి మ్యాపు లేదు, జేబులోనుంచి ఒగ పోస్టుకార్డు తీసె.

"మనుషులు ఎందుకండీ ప్రయాణం చేయడం? ఫలితం ప్రయాణం చేస్తే చాలదా? దూరం దూకే పోటీ ఉందనుకోండి. ఎవరి కాలేజీలో వాళ్ళు దూకి, కొలిచి, కార్డు రాసి పంపితే సరి."

దూకేదాన్ని కొలిచి పంపొచ్చు, ఒప్పుకుంటా. ప్రేమానందం సారు అడిగినాడు, "సార్, చెడుగుడు ఎట్ల? ఎదుటోని గీత దాటి పోవల్ల, వాన్ని తాకి రావల్ల. కార్డు ఎవురిని తాకుతాది?"

"తాకడం వివరం మాత్రమే ప్రేమానందం గారూ. అసలు విషయం ఊపిరి. ఎవరి పిల్లల్ని వాళ్ళు నిలబెట్టి కూత పెట్టించి, గడియారం చూసి, ఎంతసేపు పట్టారో రాసి పంపండి. ఎక్కువ ఊపిరి ఉన్నవాళ్ళు గెలిచినట్టు."

ప్రేమానందం సారు నెత్తి పట్టుకున్యాడు.

అప్పుడు పులివెందుల సారు ఒగాయన... ఆగు. రాయి ఆపినావే? ఆఁ. ఎలిజబెత్తమ్మ చెప్పిందన్నమాట. ప్రేమానందం సారు ఇంట్లో పెండ్లానికి చెప్పడం, ఆయమ్మ నీకు చెప్పడం. ఈ ఊర్లో కమిటీ తలుపులు మూసేది ఎందుకో మరి.

సరే, నా నోటితోనే ఇను.

ఆ పులివెందుల సారు మంచి మాటే చెప్పె. "కార్డులెందుకప్పా, ఈ ఏడు అందరూ మా ఊరికి రాండి. ఒగే దినం, ఒగే లారీ. సత్రంలో దిగండి, మీ వంటామెను మీరు తెచ్చుకోండి, తిండి గొడవ ఉండదు. వచ్చే ఏడు ప్రొద్దటూరు, ఆపై ఏడు జమ్మలమడుగు" అన్యాడు. ప్రేమానందం సారు ఎగిరి గంతేసె. నేనూ లోపల గంతేసినా మే. నీ మీదొట్టు! వంటామె అన్న మాట ఇన్నప్పుడు, నువ్వు లారీ మీద కొంగు నెత్తికి కట్టుకోని కూచున్నట్టే కనపడె నాకు.

చేతులెత్తమన్యారు. శుభాకర్ సారు దిక్కు సగం, ప్రేమానందం సారు దిక్కు సగం. నేను ఎటు ఎత్తితే అటు. చేతులున్న కుర్చీలో కూచోని, చెయ్యి ఎత్తబోతాండా. నిజంగానే ఎత్తబోతాండా. అప్పుడు ఆ పులివెందులాయన నోరు ఊరుకోలేదు. "అంపైరు ఖర్చు కూడా లేదప్పా. మా ఊర్లో అమీర్ బాషా అని పాత ఆటగాడు ఉండాడు, దుడ్లు తీసుకోకుండా నిలబడతాడు" అన్యాడు.

నువ్వే చెప్పు. నేను గీసిన గీత మీద వాడు నిలబడి చెయ్యి ఎత్తల్లనా? నా జట్టు పిల్లోన్ని పట్టుకోని "సచ్చినావు, పో" అనల్లనా? నవ్వుతానా?

చెయ్యి దించేస్తి.

మళ్ళా శుభాకర్ సారు కార్డు పైకి ఎత్తినప్పుడు, నా చెయ్యి నేను చూస్తాండగానే లేసిపోయె.

అట్ల చూడాకు. తిట్టు. నోరు తెరిచి తిట్టు, ఊరంతా ఇననీ. ఇట్ల పిండి ఎత్తుకుంటా కూచుంటే నేనేం చేయల్ల?

బయటికి వచ్చినాక ప్రేమానందం సారు నాతో ఒగటే మాట అన్యాడు. "జియావుల్లా, నీకు అక్షరాలు నేర్పించి తప్పు చేస్తి" అన్యాడు. ఆయప్ప తమాషాకు అన్యాడేమో. తమాషాకే అని ఉంటాడు.

కార్డు చెడుగుడు ఎట్ల జరిగిందో ఇను. ఇంటే నాకు తగిన శాస్తే జరిగిందని నీకే తెలుస్తాది.

మనోళ్ళు కూత పెడితే ప్రేమానందం సారు గడియారం చూసి ఉన్నదున్నట్టు రాసె. ప్రిన్సిపాలు సారు దాన్ని చూసి, "ఇంతేనా ఊపిరి? మీరు ఇట్ల నిజం రాస్తాంటే మనం గెలిచేది ఎప్పుడు? ముందు వాళ్ళ కార్డులు రానీ" అని సొరుగులో పెట్టె. జమ్మలమడుగోళ్ళూ అట్లే అనుకున్యారు. పులివెందులోళ్ళూ అట్లే అనుకున్యారు. పోస్టోడు మూడు కాలేజీల ముందర పోతాడు, వస్తాడు, ఎవురూ ఏమీ ఈయరు. తుదకు జమ్మలమడుగు కార్డు వచ్చె. వాళ్ళోడు పావుగంట కూత పెట్టినాడంట! పావుగంట! వాడు మనిషా, మిల్లు సైరనా? మనోళ్ళు దాన్ని చూసి సొరుగులో కార్డు చించి కొత్తది రాసినారు. ఎంత రాసినారో నన్ను అడగాకు, నాకే సిగ్గు. పులివెందుల కార్డులో ఏముండాదో తెలుసా? మావోడు పొద్దున మొదలుపెట్టినాడు, ఈ కార్డు డబ్బాలో ఏసేపొద్దుకు ఇంకా ఆపలేదు అని.

ఇంగ అనుమానాలు. ఒగరి ఊపిరి మీద ఒగరికి నమ్మకం లేదు. కాబట్టి ప్రతి కాలేజీ నుంచి ఇద్దరు సార్లు తక్కిన కాలేజీలకు పోయి, కూత పెడతాంటే దగ్గరుండి చూడల్లని తీర్మానం చేసినారు. ఊపిరి పరిశీలకులంట పేరు. దానికి జీపు. దినబత్తెం. రెస్టుహౌసులో కోడికూర. పిల్లోళ్ళు కాలేజీలోనే ఎండలో నిలబడి కూతలు పెడతాండారు, సార్లు ఊర్లు తిరగతాండారు. ఆ పిల్లోళ్ళకు ఒగరి మొగం ఒగరికి తెల్దు. ఓడిందీ తెల్దు, గెలిచిందీ తెల్దు.

నిన్నటి మీటింగు దాని లెక్క చెప్పేదానికే. పులివెందులలో పెట్టినారు. శుభాకర్ సారు కాయితం చదివె: "క్రీడాకారుల ప్రయాణ ఖర్చు, ఈ సంవత్సరం, సున్న." చప్పట్లు! సార్ల జీపు సంగతేందని అడిగితి. అది పరిపాలన పద్దులో పోయిందంట, ఆటలకు సంబంధం లేదంట. పూలదండ ఏసినారు ఆయప్పకు. రాష్ట్రమంతా ఈ పద్ధతే పెడతారంట.

నేను కొట్టలేదు చప్పట్లు. నీకోసమని కాదు, చేతులు లేవలేదు. ఊరికే లేసి బయటికి వస్తి.

మాబున్నీ, ఆ పిండి పక్కన పెట్టు. ఇది నిన్నే చెప్పల్సింది. నోరు రాలేదు.

ఆటల బయలుకు పోతి. ఎందుకు పోతివని అడగాకు, కాళ్ళు పోయినాయి. గీతలు లేవు, గుంజలు లేవు, పల్లేరు మొలిచింది నడిమధ్యలో. గేటు కాడ మీ అక్క నిలబడి ఉండాది.

చంకలో గుడ్డమూట. పక్కన మీ బావ, చెయ్యి పట్టుకోని. ప్రొద్దటూరు కాలేజీ వాళ్ళు వచ్చినారని ఎవురో చెప్పినారంట. జట్టు వచ్చిందనుకుంది. వస్తే నువ్వు వస్తావు గదా. నన్ను చూసి కూడా ఎవురో అనుకుంది మే. "ఎవురు నాయనా ఆడ?" అనె. నేను పలికినాక, నా దిక్కు కాదు, నా పక్కన బయలు దిక్కు చూసి, "మాబున్ని లారీ దిగిందా?" అని అడిగె.

"లారీ రాలేదొదినా" అంటి.

"పిల్లోళ్ళో?"

"పిల్లోళ్ళు రాలేదు. కార్డు వచ్చింది."

ఆయమ్మకు ఏమర్థమైతాది? నాకే అర్థం కాలే. "పిల్లోళ్ళకని జొన్నరొట్టెలు చేసుకోనొస్తి గదప్పా. కార్డు రొట్టె తింటాదా?" అనె. తమాషాకు కాదు. నిజంగానే అడగతాండాది.

మూట నా చేతిలో పెట్టి, "మాబున్నికి ఇయ్యి. దాని మొగం ఎట్లుండాదో మర్సిపోతాండా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ రొట్టెలు యాడ అంటావా? జీపులో పెట్టినా. దావలో సార్లు తినేసినారు. శుభాకర్ సారు రెండు తిని, "చాలా రుచిగా ఉన్నాయండీ, మీ బంధువులా?" అన్యాడు. గుడ్డ ఉండాది, చూడు, చిలక్కొయ్యకు తగిలించినా. ఆయమ్మ పాతచీర కొంగే అది.

ఏడవాకు. ఇంకా ఉండాది, అసలు మాట ఇను.

మేము తిరుక్కోని పోతాంటే మీ బావ నాలుగడుగులు ఎనక్కి వచ్చె. మీ అక్కకు ఇనపడకుండా, నా మొగంలోకి చూస్తా మాట్లాడె. ఇన్నేండ్లకు మొదటిసారి. ఏమన్యాడో తెలుసా?

"ఈ చలికాలం దాటితే ఆమెకు వెలుగుండదు. చెల్లెల్ని పంపు. నువ్వు మాత్రం రావాకు" అన్యాడు.

ఇన్యావా? నువ్వు మాత్రం రావాకు! నన్ను! నేనే రానని ఒట్టు పెట్టుకోని ఇన్నేండ్లు ఆ వీధి మలుపు కూడా తిరగలేదే, నన్ను వాడు రావాకు అనేదేంది? రానని చెప్పేదానికి హక్కు నాది. వానిదెట్లయితాది? నేను రాకుండా ఉండేది నా మాట మీద గానీ, వాని మాట మీదనా? జీపులో కూచున్నకాడ్నుంచి ఇదే నా కడుపులో ఉడకతాంది. ముద్దనూరు దాటినా ఉడకతాంది. నిద్రలోనూ ఉడికింది.

నువ్వేమంటావు? వాడు నన్ను ఎరిగి ఎరిగి కావాలనే అన్యాడంటావా? నీ మొగంలో అదే కనపడతాంది. అంత తెలివి ఉంటే పీర్ల పండగ నాడు యాడ పోయింది?

అదేంది? ఆ మూట ఏంది? చీరలు సర్దినావా? ఎప్పుడు సర్దినావు?

ఓహో. ఈ పిండి, దావకు రొట్టెలకన్నమాట. మాట లేదు, మంచి లేదు, ఒగతే పోదామని తీర్మానం చేసుకున్యావు. నీకు కమిటీ లేదు, చేతులెత్తేది లేదు. చెప్పులు కూడా వాకిట్లో పెట్టుకున్యావే!

పో. నేనేమన్నా పట్టుకుంటాండానా? పో.

ఆగు. ఆగు మే, చొక్కా ఏసుకోనీ. యాడుంది నా రుమాలు?

నీ కోసం రావడంల్యా నేను. మీ అక్క కోసమూ కాదు. వాడు రావాకన్యాడు, అందుకు వస్తాండా. సత్రం లేదు, అరుగు లేదు, తిన్నగా వాని ఇంటికే. ఒట్టా? చుట్టమని పోనని పెట్టుకున్యా ఒట్టు. వద్దన్న ఇంటికి పోయేటోడు చుట్టం ఎట్లయితాడు? వాని గడప మీద, నడిమధ్యలో, రెండు కాళ్ళూ పెట్టి నిలబడతా. ఏం పీకుతాడో చూస్తా.

నవ్వుతాండావా? ఇంతసేపు నోరు మూసుకోని, ఇప్పుడు నవ్వుతాండావా?

నవ్వు, నవ్వు. ఆ మూట ఇటీ. బరువుంది.